తొట్టి జీపు వెనక అద్దం

ఆ పైపు నన్ను తాకలేదు. నా కుడి భుజానికీ మా ఆయన ఎడమ భుజానికీ నడుమ నుంచి దూసుకుపోయి, ముందు అద్దం పగలగొట్టి, బానెట్ మీదికి మూరెడు బయటికి వచ్చి ఆగింది. అంతకు కాసేపటి ముందు వరకు నేను కూర్చున్నది సరిగ్గా ఆ చోటే.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. బాన్సువాడలో మాకు మోటార్లు, ఇనుప పైపులు అమ్మే దుకాణం ఉండేది. సామాను రైతుల పొలాల దాకా చేర్చడానికి నిజామాబాద్‌లో ఒక పాత బండి కొన్నాం. ముందు భాగం జీపులాగే ఉండేది, ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీటు, వెనక మూత లేని ఇనుప తొట్టి. పికప్ అనే మాట అప్పుడు మా దగ్గర ఎవరి నోటా వినిపించేది కాదు. అందరూ దాన్ని తొట్టి జీపు అనేవారు. మేం కూర్చునే గదికీ తొట్టికీ మధ్య పలుచటి రేకు గోడ, ఆ గోడలో మా భుజాల నుంచి తలల దాకా వెడల్పాటి అద్దం. అద్దానికి అవతల ఏ అడ్డమూ లేదు. ఉండాలని మాకు తోచనూ లేదు. అమ్మినవాడు చెప్పలేదు, కొన్న మేం అడగలేదు.

జుక్కల్ వైపు ఒక రైతుకు బోరులో నీళ్లు పడ్డాయి. మోటారు, పైపులు మా దగ్గరే కొన్నాడు. సంతోషం కొద్దీ మమ్మల్ని ఇంటిల్లిపాదినీ భోజనానికి రమ్మన్నాడు. తొట్టి అడుగున మోటారు, దాని పక్కన సిమెంటు బస్తాలు పెట్టి, వాటి మీద పైపులు పరిచి తాళ్లతో కట్టారు. బస్తాల మీద పరిచినందువల్ల పైపుల మూతులు అద్దం ఎత్తుకు వచ్చాయి. వెనక కొసలు తొట్టి దాటి బయటికి వేలాడుతుంటే వాటికి ఎర్రగుడ్డ కట్టాం. జాగ్రత్త అంటే మాకు ఆ ఎర్రగుడ్డే. వెనక నుంచి వచ్చేవాడికి తగలకూడదని అనుకున్నామే గాని, అవి ముందుకు కూడా రాగలవని అనుకోలేదు.

మా అత్తకు బండి ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నడుమ నేను, గేరు రాడ్డు తగలకుండా కాళ్లు ఒక పక్కకు ముడుచుకుని కూర్చున్నాను. పిట్లం దాటాక మా ఆడబిడ్డ వాళ్ల ఊరి మలుపు వస్తుంది. అక్కడ ఆ ఊరాయన ఒకరు కనిపించి, మా ఆడబిడ్డ కూతురికి రెండు రోజుల నుంచి జ్వరమని చెప్పాడు. అత్త వెంటనే తలుపు తీసింది.

"పిల్లకు జరమంటుండు. నేను దిగుత. మీరు పోయి తిని రాండ్రి. నేను రేపు బస్సుకొస్త."

"గిట్ల నడుమల దిగితె ఎట్లనే అవ్వా. ఆడ వాళ్లు నీకోసం చూస్తరు" అన్నాడు మా ఆయన.

"చూస్తె చూడనీ" అని ఆమె దిగి వెళ్లిపోయింది. నేను కిటికీ దగ్గరికి జరిగి, కాళ్లు చాపుకుని, గాలి ముఖానికి కొడుతుంటే హాయిగా తలుపుకు ఆనుకున్నాను.

ఎంతో దూరం పోలేదు. కంది చేను పక్క నుంచి బర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. మా ఆయన బ్రేకు మీద నిలబడినట్టే తొక్కాడు. నా చేతులు ముందున్న డాష్‌బోర్డుకు కొట్టుకున్నాయి. తర్వాత వెనక నుంచి చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు ఎలాంటిదో ఇన్నేళ్లయినా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. నా జుట్టులో, ఒళ్లో అంతటా గాజు ముక్కలు. బండి ఆగిపోయింది. నా పక్కన, భుజాల ఎత్తున, ఒక ఇనుప పైపు ఉంది.

దాని కొస ముందు అద్దం బయట సన్నగా వణుకుతోంది. నేను దాని మీద చేయి వేశాను. ఎందుకు వేశానో తెలియదు. ఎండలో వచ్చినందువల్ల అది కాలుతోంది.

మా ఆయన స్టీరింగు వదల్లేదు. తల తిప్పలేదు. ముందుకే చూస్తూ అడిగాడు.

"ఉన్నవా?"

"ఉన్న" అన్నాను.

బర్రెలు తమ పాటికి తాము రోడ్డు దాటి వెళ్లాయి. కాసేవాడు మాత్రం కర్ర పట్టుకుని అక్కడే నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. దగ్గరికి రావడానికి అతనికి ధైర్యం చాలలేదని నాకు అర్థమైంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ బండిలో ఎవరైనా బతికి ఉన్నారనిపించదు.

మా అదృష్టం, బిచ్కుంద వైపు నుంచి మా ఆయన దోస్తు బండి ఖాళీగా వస్తోంది. అతనిది బాన్సువాడ పక్కన తండా. అతనికీ మా లాంటి తొట్టి జీపే ఉండేది. వడ్ల బస్తాలు, కూరగాయలు కిరాయికి తోలేవాడు. మా ఆయనా అతనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు, నేను అతన్ని అన్నా అనేదాన్ని. అతను బండి ఆపి దిగి, చాలా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. ముందు నా ముఖం చూశాడు, తర్వాత పైపు, మళ్లీ నా ముఖం.

"చెల్లె, దిగుతవా?"

తలుపు తీసి, చిన్నపిల్లను దించినట్టు భుజాలు పట్టుకుని దించాడు. తర్వాత అతనూ బర్రెలు కాసేవాడూ కలిసి పైపును వెనక్కి గుంజారు. అది సులువుగా వచ్చింది. నాకు ఆ సులువే ఎక్కువ భయం పుట్టించింది. అంత బరువున్న ఇనుము నూనె రాసినట్టు జారిపోతుందని, పైపులమ్మే దుకాణంలో రోజూ కూర్చునే నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇంటికి వచ్చాక నాకు చిత్రమైన జబ్బు పట్టుకుంది. ఏడుపు రాలేదు, జ్వరం రాలేదు. కాని వీపు వెనక ఖాళీ ఉంటే కూర్చోలేకపోయేదాన్ని. దుకాణంలో నా కుర్చీని గోడకు ఆనించుకున్నాను. పనివాళ్లు పైపులు దించుతుంటే, ఒకదానికొకటి తగిలి మోగగానే లేచి వీధిలోకి వెళ్లేదాన్ని. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోతే, పక్కింటి వాళ్లు దిష్టి తీయించమన్నారు. తీయించాం. ఏమీ తేడా రాలేదు.

అత్త మర్నాడు బస్సు దిగి వచ్చింది. మేం చెప్పేలోపే వాకిట్లో బండి చూసింది. వెనక అద్దం లేదు, ముందు అద్దం లేదు. ఏమీ అడగకుండా బండి ఎక్కి, కిటికీ పక్కన తాను కూర్చున్న చోట కూర్చుంది. అక్కడి నుంచి నడుమకు జరిగింది. వెనక్కి తిరిగి పగిలిన చోటు చూసింది, ముందున్న చోటు చూసింది, రెండింటి మధ్య తన చేతిని చాపింది. ఆ చేయి ఆమె ఛాతీ మీది నుంచి పోయింది.

"నేను దిగకుంటె నువ్వు ఈడ్నే ఉందువు గదనే" అంది.

నేను తల ఊపాను.

ఆమె చాలాసేపు దిగలేదు. దిగాక కొడుకుతో ఒక్కటే మాట అంది. "గీ బండికి అడ్డం పెట్టిచ్చిందాక నా కోడలు ఎక్కది. నువ్వూ ఎక్కకు."

బస్టాండు వెనక ఒక వెల్డింగ్ దుకాణం ఉండేది. అక్కడి మిస్త్రీ ఇళ్లకు గేట్లు, కిటికీలకు జాలీలు చేసేవాడు. మేం నలుగురం వెళ్లాం. మా ఆయన, అత్త, నేను, మా ఆయన దోస్తు. మేం అడిగింది విని మిస్త్రీ కొంచెం ఆశ్చర్యపోయాడు. లారీలకు చూశాడట గాని, ఇలాంటి చిన్న బండికి ఎప్పుడూ చేయలేదట.

మా ఆయన ముందే తేల్చుకుని వచ్చాడు. అద్దం ఉన్న చోటంతా మందపాటి ఇనుప షీటు కొట్టించి మూసేయాలన్నాడు. అద్దమే వద్దన్నాడు.

"ఎనక కనవడకుంటె ఎట్ల తోలుతవు బావా?" అన్నాడు దోస్తు.

"కనవడకుంటెనే మంచిది" అన్నాడు మా ఆయన. తర్వాత గొంతు తగ్గించి, "గా దినం నేను పక్కకు చూడలే. పైపు ఒక్కటే కనవడ్డది. ఈమె లేదనుకున్న. గందుకే అడిగిన, ఉన్నవా అని. చూసేటందుకు నాకు పానం రాలే" అన్నాడు.

పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట అంత పొడుగు మాట నా గురించి వినలేదు. వెల్డింగ్ దుకాణంలో, మిస్త్రీ వింటుండగా విన్నాను. నాకు ఏం చేయాలో తెలియక నేల మీద పడి ఉన్న ఇనుప ముక్కల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన మాట కాదనలేక ముందు ఒక షీటు తెచ్చి తీగలతో కట్టి చూశాం. దుకాణం ముందు బండి వెనక్కి తీస్తుంటే, పక్క నుంచి వెళ్తున్న అరటిపళ్ల తోపుడు బండి ఆయనకు కనిపించలేదు. అందరం కేకలు వేస్తే ఆగాడు. షీటు ఆలోచన అక్కడికి పోయింది.

తర్వాత మిస్త్రీ తీగ జాలి చూపించాడు, కోళ్ల గూటికి వేసేదానికంటే కొంచెం మందం. వెనకంతా బాగా కనిపిస్తుంది. నేను బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. మిస్త్రీయే దాన్ని పక్కన పెట్టేశాడు.

మూడోది అందరికీ నచ్చింది. ఎవరో ఇంటి కిటికీకి చేయించుకుని తీసుకెళ్లని జాలి. నడుమ పువ్వు, చుట్టూ తీగలు, అంచుకు సన్నటి పట్టీ. వెడల్పు మా బండికి అచ్చం సరిపోయింది. దోస్తు దాన్ని పైకెత్తి ఎండలో పట్టి చూశాడు.

"మస్తుంది చెల్లె. బండికే కళ వస్తది."

మా ఆయన కూడా మెత్తబడ్డాడు. నేను ఔననబోయాను. అత్త మాత్రం దుకాణం మూల నిలబెట్టిన పైపు ముక్కను చూస్తోంది.

"గది ఇటు తేండ్రి" అంది. "జాలిని గోడకు ఆనిచ్చి పట్టుండ్రి. ఇగ మీరిద్దరు గీ పైపు పట్టుకొని ఉరికొచ్చి గుద్దుండ్రి."

"అవ్వా, నా దుకానం ఇరగ్గొడ్తవా ఏంది?" అన్నాడు మిస్త్రీ.

"ఇరిగితె ఈడ ఇరగనీ. నా పిల్లల నెత్తి మీద ఇరగద్దు."

మా ఆయనా దోస్తూ సిగ్గుపడుతూనే పైపు ఎత్తారు. గోడకూ జాలికీ మధ్య రెండు ఇటుకలు పెట్టి, మిస్త్రీ పక్క నుంచి పట్టుకున్నాడు. వాళ్లు పరుగెత్తింది నాలుగడుగులే. పైపు జాలి నడుమ నుంచి వెళ్లి గోడకు గుద్దుకుంది. పువ్వు రేకు ఒకటి ఊడి నా కాళ్ల దగ్గర పడింది. సన్న పట్టీలు విస్తరాకు మడిచినట్టు వెనక్కి ముడుచుకుపోయాయి.

నాలుగడుగులు వేసిన మనుషులు గుద్దితేనే ఇలా ఉంటే, పరుగెత్తే బండిలో ఎలా ఉంటుందో అందరం ఒకేసారి తెలుసుకున్నాం. కొంచెం ముందు నేను దానికి ఔననబోయానన్నది ఆగి ఆగి గుర్తొచ్చింది.

ఆ తర్వాత అలంకారం మాట ఎవరూ ఎత్తలేదు. మందపాటి యాంగిల్ ఇనుముతో చట్రం, అందులో నిలువు రాడ్లు. రాడ్ల మధ్య ఎంత సందు ఉండాలన్నది నేను చెప్పాను. మా దుకాణంలో అన్నిటికంటే సన్న పైపు ముక్క తీసుకెళ్లి, అది దూరని సందు కావాలన్నాను. మిస్త్రీ చట్రాన్ని రేకు గోడకు బోల్టులతో బిగిస్తానన్నాడు. అది సులువు పని.

"రేకుకు బిగిస్తే, గుద్దినప్పుడు రేకుతో సహా మా మీద పడదా?" అని అడిగాను.

అతను గోడను వేలితో తట్టి చూసుకున్నాడు. అది డబ్బాలాగా మోగింది. అప్పుడు చట్రానికి కాళ్లు పెట్టి, వాటిని తొట్టి అడుగున, కింది దూలాలకు పట్టేలా బిగిద్దామన్నాడు మా ఆయన. అద్దానికీ చట్రానికీ జానెడు ఎడం ఉంచారు, రాడ్డు వంగినా అద్దాన్ని తాకకుండా. ఎత్తు కప్పు దాటి కొంచెం పైకి. చివరికి తయారైంది చూడటానికి జైలు కిటికీలాగా ఉంది. అత్త దాన్నీ గుద్దించింది. ఈసారి పైపు పట్టుకున్న వాళ్ల చేతులే జిల్లుమన్నాయి.

అయినా నేను బండి ఎక్కలేదు. మా ఆయన ఒక్కడే సామాను తోలేవాడు. నేను వర్ని వెళ్లాలన్నా నిజామాబాద్ వెళ్లాలన్నా బస్సే. బస్సులో కూడా చివరి వరుసలో, వీపుకు గట్టి గోడ ఉన్న చోట కూర్చునేదాన్ని. ఇంట్లో ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక అంగడి రోజు కూరగాయలకు వెళ్తే, మా ఆయన దోస్తు బండి అక్కడ ఆగి ఉంది. దాని వెనక అద్దానికి కొత్త జాలి. నీలం రంగు, నడుమ పువ్వు. ఆ పువ్వుకు ఒక రేకు లేదు.

నేను సంచి కింద పెట్టేశాను. దగ్గరికి వెళ్లి చేత్తో తడిమాను. పట్టీలను సుత్తితో కొట్టి తిన్నగా చేసి, రంగు వేశారు. రంగు కింద వంపులు వేళ్లకు తెలుస్తున్నాయి. అదే జాలి. నాలుగు చిన్న బోల్టులతో రేకు గోడకు బిగించి ఉంది.

అతను టీ తాగుతూ నన్ను చూసి వచ్చాడు.

"అన్నా, గిదేంది?"

"మంచిగ లేదా?" అన్నాడు నవ్వుతూ.

"నువ్వే గద పైపుతోని గుద్దింది. నీ చేతులతోనే ఇరిగింది గద."

"ఇరిగితె ఏమాయె, అతుకు పెట్టిండు. చెల్లె, నేను పైపులు తోల్త లేను గద. బస్తాలు, టమాట బుట్టలు. బస్తా వచ్చి పొడుస్తదా? రాయి గీయి తగిలి అద్దం పల్గకుంటె సాలు నాకు. నువ్వు ఫికర్ చెయ్యకు."

పైపును చేతులతో వెనక్కి గుంజినవాడు ఈయన. నన్ను భుజాలు పట్టుకుని దించినవాడు ఈయన. ఆ పూట చూసింది చూసి కూడా ఒక మనిషి ఇలా అనగలడా అని ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. అతని మీద కోపం కాదు. మనుషులు కళ్లతో చూసినదాన్ని కూడా తమకు తగలదని పక్కన పెట్టేసుకోగలరని అప్పుడు మొదటిసారి తెలిసి, అదో రకం భయం వేసింది. అత్తకు చెప్తే ఆమె మిస్త్రీ దగ్గరికి వెళ్లి అడిగింది.

"నేను దాస్తినా అవ్వా? అతుకుల జాలి అని చెప్పే ఇచ్చిన. గదే కావాలన్నడు" అన్నాడట మిస్త్రీ.

మా ఆయన కూడా చెప్పి చూశాడు. దోస్తు నవ్వి ఊరుకునేవాడు.

నాట్ల సమయంలో మా ఆయనకు జ్వరం తగిలింది. అదే వారం వర్ని దగ్గర ఒక క్యాంపులో, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లో, ఒక రైతుకు పైపులు చేర్చాలి. పాత పైపులు పగిలి అతని మోటారు ఆగిపోయింది, నారు ఎండుతోంది. ఏ పైపుకు ఏది అతుకుతుందో చూసి ఇవ్వడానికి మనిషి కావాలి. అది నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. బండి తోలడానికి దోస్తు వచ్చాడు.

"నా బండిల ఏస్కపోత బావా" అన్నాడు.

"వద్దు. మా బండే తీస్కపో" అన్నాడు మా ఆయన పక్క మీది నుంచి.

నేను ఎక్కాను. కిటికీ పక్కన తలుపుకు అతుక్కుని కూర్చున్నాను. ఊరు దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. కాలువ వెంట రోడ్డు ఎక్కాక, నీళ్లు నిండుగా పోతుంటే, రెండు వైపులా నాట్లు వేసేవాళ్లు కనిపిస్తుంటే, మెల్లగా ఊపిరి తిన్నగా వచ్చింది. దోస్తు ఏవో కబుర్లు చెబుతున్నాడు. వెనక రాడ్లను అద్దంలో చూసి, "జైల్ల కూసున్నట్టుంది చెల్లె" అని నవ్వాడు.

పొలంలో నుంచి ఒక ట్రాక్టరు ట్రాలీ వెనక్కి వెనక్కి వచ్చి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. తోలేవాడు మా వైపు చూడనే లేదు. దోస్తు బ్రేకు తొక్కాడు. నేను చప్పుడు రాకముందే తల ఒళ్లో పెట్టేసుకున్నాను. పైపులన్నీ ఒక్కసారిగా వచ్చి చట్రాన్ని గుద్దాయి. బండి మొత్తం గంటలాగా మోగింది. నా పళ్లు కూడా మోగాయి. గాజు పడుతుందని మెడ వంచుకుని అలాగే ఉన్నాను. పడలేదు.

తల ఎత్తేసరికి అద్దం అలాగే ఉంది. దాని అవతల రాడ్లకు ఆనుకుని పైపుల మూతులు గుండ్రంగా మా వైపు చూస్తున్నాయి.

దోస్తు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఒక పైపు మూతి సరిగ్గా అతని తల వెనక ఉంది. అతను తండా భాషలో తనలో తాను ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. అడగలేదు.

ఇద్దరం దిగాం. తొట్టి ఎక్కి చూస్తే రెండు రాడ్లు వేలెడు వంగాయి. చట్రం కాళ్లు కదల్లేదు. అతను ఆ పైపు మూతి మీద అరచేయి పెట్టి, అక్కడి నుంచి చూపుతో తన సీటు దాకా గీత గీసినట్టు చూశాడు. కిందికి దిగి, కాలువ మోరీ గోడ మీద కూర్చున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. ట్రాక్టరతను వచ్చి తప్పయిందని ఏదో అంటున్నాడు. ఈయన వినడం లేదు.

"నీళ్లు తాగుతవా అన్నా?"

అతను తల అడ్డంగా ఊపి అన్నాడు.

"నిన్న పొద్దుగాల నా బండిల ఇనుప సలాకలు ఏస్కపోయిన చెల్లె. ఎవరో ఇల్లు కట్టుకుంటుండ్రంటె. గీ ఒక్కపారికే అని ఒప్పుకున్న. నడుమల మా పెద్దోడు కూసుండె. ఇస్కూల్ కాడ దింపుమంటె ఎక్కిచ్చుకున్న."

ఆ మాట విన్నాక నేను కూడా అతని పక్కన మోరీ మీద కూర్చుండిపోయాను. సలాకలు పైపుల కంటే సన్నవి. పువ్వు జాలి సందుల్లో నుంచి దేన్నీ వంచకుండానే వచ్చేస్తాయి. అది అతనికీ తెలిసిపోయింది. కింద కాలువ నీళ్లు పోతూనే ఉన్నాయి.

క్యాంపు చేరేసరికి రైతు ఎదురు వచ్చాడు.

"ఏవండీ, అలా ఉన్నారేంటి? ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదండి, ఎండ" అన్నాను. అతని భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దోస్తు గ్లాసు అందుకున్నాడు గాని, నోటి దాకా తీసుకెళ్లలేక గట్టు మీద పెట్టేశాడు. పైపులు దించి, అతుకులు చూసి, మోటారు పెట్టించి, నీళ్లు పొలం బోదెలోకి దుమికాక తిరుగు ప్రయాణమయ్యాం. దారిలో దోస్తు ఖాళీ బండిని కూడా చాలా నెమ్మదిగా తోలాడు.

మర్నాడు అతని బండి వెల్డింగ్ దుకాణం ముందు ఉంది. తన చేతులతోనే నాలుగు బోల్టులూ విప్పి నీలం జాలి కింద పడేశాడు. మిస్త్రీ దాన్ని పక్కకు తీయబోతే ఆపాడు.

"ముందుగాల దీన్ని కొయ్యి."

"ఎందుకయ్యా, కిటికీకన్న పనికొస్తది గద."

"కిటికీకంటవు. ఇంకొగడొచ్చి బండికంటడు. నేను అనలేదా? కొయ్యి."

ముక్కలు ముక్కలుగా కోసేదాకా నిలబడ్డాడు. తర్వాత మా బండిని వాకిట్లో నుంచి తెప్పించి, దాని కొలతలతోనే చట్రం చేయించుకున్నాడు. రాడ్ల సందులు మా దానికంటే ఇంకా దగ్గరగా పెట్టించాడు, సలాక దూరకుండా. అతని భార్య ఆ పూట ఆ పెద్దకొడుకును చంకనెత్తుకుని వచ్చి, పక్కన నిలబడి అంతా చూసింది. ఆ పిల్లవాడు ఎత్తుకునే వయసు ఎప్పుడో దాటిపోయినవాడు. కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. ఆమె కిందికి దించలేదు.

ఆ తర్వాత నేను మామూలుగానే బండి ఎక్కాను. భయం పోయిందని చెప్పను. ఉన్నా ఎక్కాను.

దశాబ్దం చివరికి వచ్చేసరికి ప్లాస్టిక్ పైపులు వచ్చాయి, ఇనుప పైపుల అమ్మకం తగ్గింది. మా బండి కూడా బాగా పాతబడింది. అమ్మేద్దామనుకున్నాం. మొదట చూడటానికి వచ్చిన మనిషి దెగ్లూరు వైపువాడు, మరాఠీ కలిపి తెలుగు మాట్లాడేవాడు. ఇంజను విన్నాడు, టైర్లు తన్నాడు, అంతా నచ్చింది. తొట్టి చుట్టూ తిరిగి చట్రం దగ్గర ఆగాడు.

"హే, గిది ఎందుకు? బరువు, జాగా తింటది. తీసేసి ఇస్తరా?"

మా ఆయన నా వైపు చూశాడు. అత్త లోపలి నుంచి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అది తీసి అమ్మం" అన్నాడు మా ఆయన.

"నేను తీస్కపోయినంక నేనే తీస్త గద. నీకేంది?"

అతను అన్నది న్యాయమే. బండి అతనిదయ్యాక ఏం చేసుకున్నా అతని ఇష్టం. మా ఆయన అసలు బండే అమ్మడం లేదని చెప్పేశాడు. అతను మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు జుక్కల్ దగ్గర ఊరి నుంచి ఇంకొకాయన వచ్చాడు. వెదురు బొంగులు, వాసాలు తోలుతాడట. చట్రం రాడ్లను రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు, కదల్లేదు. వంగిన రాడ్లు చూసి, ఇదెట్లయిందని అడిగాడు. మా ఆయన చెప్పడం మొదలుపెట్టి నడుమలో ఆగిపోయాడు. మిగిలింది నేను చెప్పాను. వచ్చినాయన అంతా విన్నాడు. బేరం కుదిరింది.

తాళం చెవి ఇచ్చాక ఆయన బండి వెనక్కి తీసి, అద్దంలో నుంచి ఒకసారి వెనక్కి చూసుకుని, రోడ్డెక్కి వెళ్లిపోయాడు. చట్రం ఉంచుకున్నాడో, తీసేశాడో నాకు తెలియదు.